రెండు తేదీల నడుమ అండమాన్: హంఫ్రీగంజ్ మృతులకు చరిత్రలో చోటెక్కడ?

ఏటా జనవరి 30 ఉదయం 11 గంటలకు దేశమంతటా రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. మహాత్మా గాంధీ నేలకొరిగిన రోజది. అదే తేదీన దక్షిణ అండమాన్‌లోని హంఫ్రీగంజ్ అనే చిన్న ఊళ్లో మరో స్మరణ జరుగుతుంది. గాంధీజీ హత్యకు సరిగ్గా నాలుగేళ్ల ముందు, 1944 జనవరి 30న, జపాన్ సైనికులు అక్కడ 44 మంది భారతీయులను కాల్చి చంపారు. ఆ చోటును స్థానికులు బలిదాన్ వేది అని పిలుచుకుంటారు.

ఆ కాల్పులకు నెల రోజుల ముందు, 1943 డిసెంబరు 30న, పోర్ట్ బ్లెయిర్‌లోని జింఖానా మైదానంలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. ఈ తేదీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. 75 ఏళ్లు నిండిన సందర్భంగా 2018లో ప్రధాని నరేంద్ర మోదీ అక్కడికి వెళ్లి స్మారక నాణేన్ని, తపాలా బిళ్లను విడుదల చేశారు. రాస్ దీవికి నేతాజీ పేరు, నీల్ దీవికి షహీద్ ద్వీప్, హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అనే పేర్లు పెట్టారు. 2023 జనవరి 23న పేరులేని 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు వచ్చాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. చరిత్రను కొత్తగా లిఖించుకునే ఉత్సాహం ఇంతగా కనిపిస్తున్న చోట, హంఫ్రీగంజ్ మాత్రం ద్వీపాల పొలిమేర దాటి రాలేదు.

ఇందుకు కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. చనిపోయినవారిలో అత్యధికులు ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులు. తూర్పు ఆసియాలో నేతాజీ నాయకత్వం వహించిన సంస్థే అది. వారిని చంపింది నేతాజీకి మిత్రదేశమైన జపాన్. అండమాన్ గురించి దేశం చెప్పుకునే కథలు రెండు. ఒకటి బ్రిటిష్ వారి కాలాపానీ, రెండోది నేతాజీ జెండా. హంఫ్రీగంజ్ ఈ రెంటిలోనూ ఇమడదు.

విముక్తి అనుకున్నది మూడు రోజుల్లోనే

తెలుగువారికి అండమాన్ అనగానే మెదిలేది సెల్యులార్ జైలు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి వారిని ఆ జైలుకే పంపారు. బ్రిటిష్ కాలపు ఆ చరిత్రపై పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి. 1979లో జైలు జాతీయ స్మారకమైంది. కానీ అదే గదులు 1942 తర్వాత మళ్లీ నిండాయన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

1942 మార్చి 23న జపాన్ బలగాలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. బ్రిటిష్ సైన్యం అప్పటికే వెళ్లిపోవడంతో ప్రతిఘటన లేకుండానే పట్టణం వారి వశమైంది. తెల్లదొరల పాలన పోయిందన్న సంతోషం జనంలో ఉన్నమాట నిజం. అది ఎంతోకాలం నిలవలేదు. ఇళ్లలోకి చొరబడుతున్న సైనికులపై జుల్ఫికర్ అలీ అనే యువకుడు ఎయిర్‌గన్ పేల్చాడు. కొద్ది రోజుల్లోనే అతడిని చిత్రహింసలు పెట్టి నలుగురూ చూస్తుండగా కాల్చి చంపారు. వెనుక ఉండిపోయిన బ్రిటిష్ అధికారి మేజర్ బర్డ్ తల నరికారు. అక్కడి నుంచి మూడున్నరేళ్ల పాలనలో జనం అనుదినం ఎదుర్కొన్న నేరారోపణ ఒక్కటే: గూఢచర్యం.

ద్వీపాల్లో వేగులు నిజంగానే ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో యుద్ధానికి ముందు పోలీసు అధికారిగా పనిచేసిన డెనిస్ మెకార్తీ 1943 జనవరిలో ఒక చిన్న బృందంతో జలాంతర్గామిలో వచ్చి రహస్యంగా తీరానికి చేరారు. అడవిలో దాగి, జపాన్ స్థావరాల సమాచారం సేకరించి తిరిగి వెళ్లారు. జపాన్ నౌకలు ఒక్కొక్కటిగా మునుగుతున్నాయి. సమాచారం ఎలా పొక్కుతున్నదో జపాన్ అధికారులకు అంతుబట్టలేదు. అడవిలోని అసలు మనుషులు దొరకలేదు. దొరికినవారు గుమస్తాలు, ఉపాధ్యాయులు, వైద్యులు, వర్తకులు. ఇంగ్లిష్ తెలిసినవారు, బ్రిటిష్ కొలువులో ఉన్నవారు, నలుగురిలో పలుకుబడి ఉన్నవారు అనుమానానికి గురయ్యారు. దెబ్బలకు తాళలేక ఒకరు చెప్పిన పేరు మరొకరి అరెస్టుకు ఆధారమైంది. ఆ మరొకరు చెప్పిన పేర్లు ఇంకొందరి మెడకు చుట్టుకున్నాయి.

ఆ వలలో చిక్కినవారిలో డాక్టర్ దివాన్ సింగ్ పేరు ముందు చెప్పుకోవాలి. ఆయన పంజాబీ కవి, వైద్యుడు, పోర్ట్ బ్లెయిర్‌లో ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ అధ్యక్షుడు. కాలేపానీ అన్నది ఆయన కలంపేరుగా స్థిరపడింది. గురుద్వారాను సైనికుల అవసరాలకు అప్పగించడానికి ఆయన నిరాకరించారని స్థానికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1943 అక్టోబరులో అరెస్టయ్యారు. సెల్యులార్ జైలులో 82 రోజుల చిత్రహింసల తర్వాత 1944 జనవరి 14న కన్నుమూశారు. ఆయన మరణానికి, హంఫ్రీగంజ్ కాల్పులకు మధ్య ఎడం పదహారు రోజులు.

నేతాజీకి తెలుసా?

అండమాన్ జ్ఞాపకాలపై వివాదమంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. తేదీలు నిక్కచ్చిగా ఉన్నాయి. నేతాజీ ద్వీపాల్లో ఉన్నది 1943 డిసెంబరు 29 నుంచి 31 వరకు. ఆ మూడు రోజులూ దివాన్ సింగ్ జైలులోనే ఉన్నారు. నేతాజీ ఆ జైలునూ సందర్శించారు. ఖైదీలున్న వైపు ఆయనను జపాన్ అధికారులు తీసుకుపోలేదని, స్థానికులెవరూ ఆయనతో విడిగా మాట్లాడే వీలు లేకుండా చుట్టూ కాపలా ఉంచారని ఆ కాలం గురించి రాసినవారు పేర్కొన్నారు.

ఆయనకు తెలిసి ఉండాల్సింది, అడిగి ఉండాల్సింది అన్నది ఒక వాదన. తన సంస్థ స్థానిక అధ్యక్షుడు స్వాగతానికి రాకపోతే ఎక్కడున్నాడని ఆరా తీయరా అని ఆ పక్షం ప్రశ్నిస్తుంది. తేలిగ్గా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదిది. యుద్ధం నడుమ, పరాయి సైన్యం కాపలాలో, మూడు రోజుల అతిథిగా ఉన్న నాయకుడికి ఏం చూపించారో అదే కనబడింది అన్నది రెండో వాదన. ద్వీపాల అసలు పాలన ఎవరి చేతుల్లో ఉన్నదో గమనిస్తే దీనికి బలం చేకూరుతుంది. 1943 నవంబరులో టోక్యోలో జరిగిన సమావేశంలో జపాన్ ప్రధాని టోజో ఈ ద్వీపాలను ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తున్నట్లు ప్రకటించారు. ఆ మేరకు 1944 ఫిబ్రవరిలో చీఫ్ కమిషనర్‌గా వెళ్లిన లెఫ్టినెంట్ కల్నల్ ఎ.డి.లోకనాథన్‌కు దక్కింది విద్యాశాఖ ఒక్కటే. పోలీసు శాఖను జపాన్ వదులుకోలేదు. పోలీసు శాఖ లేనిదే మిగిలిన శాఖలు తీసుకోలేనని తాను చెప్పినట్లు ఆయన ఎర్రకోటలో జరిగిన ఐఎన్ఏ విచారణలో వాంగ్మూలం ఇచ్చారు. కొన్ని నెలలకే ద్వీపాలు విడిచి వెళ్లిపోయారు.

ఆయన పోలీసు శాఖనే అడిగారన్నది గమనించదగ్గ విషయం. అరెస్టులు, చిత్రహింసలు జరుగుతున్నది అక్కడేనని ఆయనకు అర్థమైందనడానికి అది చాలు. నేతాజీ పట్ల గౌరవానికి హంఫ్రీగంజ్ ప్రస్తావన భంగకరమని భావించేవారు లోకనాథన్ ఉదంతాన్ని చదవాలి. జపాన్ హామీకి, ఆచరణకు మధ్య అగాధం ఎంతటిదో ఆజాద్ హింద్ అధికారే నమోదు చేశారు. మృతులను స్మరించడం నేతాజీని తప్పుపట్టడం కిందికి రాదు. మరణించినవారిలో అత్యధికులు ఆయన నాయకత్వం వహించిన లీగ్ సభ్యులే కదా.

ఇంకొక అభ్యంతరం కూడా వినిపిస్తుంది. జపాన్ అకృత్యాల సాక్ష్యాలను యుద్ధం ముగిశాక సేకరించింది బ్రిటిష్ అధికారులు కాబట్టి, అవి విజేతల ప్రచారమేనన్నది దాని సారాంశం. సింగపూర్‌లో జరిగిన యుద్ధ నేరాల విచారణలు బ్రిటిష్ సైనిక న్యాయస్థానాలవే. అందులో సందేహం లేదు. అయితే అక్కడ సాక్ష్యం చెప్పినవారు ద్వీపవాసులు. 1945 వేసవిలో కార్ నికోబార్‌లో గూఢచర్యం నెపంతో నికోబారీలను పట్టి హింసించి చంపిన కేసు కూడా సింగపూర్‌లోనే విచారణకు వచ్చింది. ఆ మృత్యువును తప్పించుకుని బయటపడిన జాన్ రిచర్డ్‌సన్ ఆ తర్వాత బిషప్ అయ్యారు. 1952లో తొలి లోక్‌సభకు అండమాన్ నికోబార్ ప్రతినిధిగా ఆయననే నామినేట్ చేశారు. బ్రిటిష్ ప్రచారం అని పక్కనపెట్టేవారు స్వతంత్ర భారత తొలి పార్లమెంటు సభ్యుడి అనుభవాన్నీ పక్కనపెట్టాల్సి వస్తుంది.

ఆర్మేనియన్లపై వచ్చిన నింద కూడా ఇదే

చంపబడినవారిని శత్రువు ఏజెంట్లుగా చిత్రించడం అండమాన్‌లో పుట్టిన పద్ధతి కాదు. 1915 ఏప్రిల్ 24న ఒట్టోమన్ ప్రభుత్వం కాన్‌స్టాంటినోపుల్‌లో వందలాది ఆర్మేనియన్ మేధావులను, నాయకులను అరెస్టు చేసింది. ఆ తర్వాత లక్షలాది మందిని సిరియా ఎడారుల వైపు నడిపించారు. దారిలో ఊచకోతలు, ఆకలి, రోగాలు. 15 లక్షల మంది వరకు మరణించారని ఆర్మేనియా అంటుంది. ఈ అంశాన్ని అధ్యయనం చేసిన చరిత్రకారుల్లో అత్యధికులు దీన్ని జాతి నిర్మూలనగానే గుర్తిస్తారు. తుర్కియే మరణాలను కాదనదు, సంఖ్యను తగ్గిస్తుంది, ఉద్దేశాన్ని తిరస్కరిస్తుంది. యుద్ధకాలమది, ఆర్మేనియన్లు రష్యాతో చేతులు కలిపారు, భద్రత కోసం తరలించక తప్పలేదు అని వాదిస్తుంది. రష్యా సైన్యంలో ఆర్మేనియన్ దళాలు ఉన్నది నిజమే. అండమాన్ అడవిలో మెకార్తీ ఉన్నదీ నిజమే. ఆ నిజం ఆసరాతో చంపబడింది మాత్రం ఆ పని చేయనివారు.

ఆ వాదం ఒక శతాబ్దం దాటినా సద్దుమణగలేదు. 2007 జనవరిలో పాత్రికేయుడు హ్రాంట్ డింక్‌ను ఇస్తాంబుల్ నడివీధిలో కాల్చి చంపారు. 2016లో జర్మనీ పార్లమెంటు జాతి నిర్మూలన అన్న మాటతో తీర్మానించింది. 2021 ఏప్రిల్ 24న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ ఆ మాట పలికారు. 2025లో ట్రంప్ విడుదల చేసిన సందేశంలో అది లేదు. నూటపదేళ్ల నాటి మరణాలకు పెట్టే పేరు ఒక ఎన్నికతో వస్తుంది, మరో ఎన్నికతో పోతుంది.

భారత్ కూడా ఈ లెక్కలకు అతీతం కాదు. ఆర్మేనియన్లతో మన పరిచయం పాతది. మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో అచ్చయింది మద్రాసులో. హైదరాబాద్ ఉప్పుగూడలో వారి పాత శ్మశానవాటిక నేటికీ ఉంది. 2017లో ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ, 2021లో విదేశాంగ మంత్రి ఎస్.జైశంకర్ యెరెవాన్‌లోని స్మారకం వద్ద నివాళులర్పించారు. పాకిస్థాన్, తుర్కియే, అజర్‌బైజాన్ ఒక్కటిగా నిలుస్తున్న కొద్దీ ఢిల్లీ, యెరెవాన్ దగ్గరయ్యాయి. పినాక రాకెట్లు ఆర్మేనియాకు వెళ్లాయి. అయినా జాతి నిర్మూలన అన్న అధికారిక గుర్తింపును భారత ప్రభుత్వం ఇవ్వలేదు.

హంఫ్రీగంజ్‌కు ఆ మాట వర్తించదు. ఒక జాతిని లేదా సమూహాన్ని నిర్మూలించాలనే ఉద్దేశం ఉండాలన్నది 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక నిర్వచనం. 44 మందిని చంపింది యుద్ధ నేరం. ఇదే ద్వీపసమూహంలో ఆ మాట గురించి నిజంగా ఆలోచించవలసిన చోటు వేరే ఉంది. 1858లో బ్రిటిష్ వారు శిక్షా స్థావరం నెలకొల్పే నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1961 నాటికి 19 మంది మిగిలారు. ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నది తట్టు, న్యుమోనియా వంటి వ్యాధులు. కాబట్టి ఉద్దేశం లేదని కొందరంటారు. రోగం తెచ్చింది, అడవి లాక్కున్నది ఎవరని మరికొందరు అడుగుతారు. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు షోంపెన్ తెగకు మరణశాసనం అవుతుందని హెచ్చరిస్తూ 13 దేశాలకు చెందిన 39 మంది నిపుణులు 2024 ఫిబ్రవరిలో రాష్ట్రపతికి రాసిన లేఖలోనూ జాతి నిర్మూలన అనే మాటే వాడారు. ఆ తెగ ప్రయోజనాలకు భంగం వాటిల్లదన్నది ప్రభుత్వ వైఖరి. 2011 జనగణనలో షోంపెన్లు 229 మంది.

కాదనేవారు లేరు, అడిగేవారూ లేరు

తుర్కియేలో రాజ్యమే కాదంటుంది. అండమాన్ విషయంలో కాదనేవారు దాదాపు లేరు. అలాగని అడిగేవారూ లేరు. 1951 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందానికి దూరంగా ఉన్న భారత్, 1952 జూన్ 9న జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుని నష్టపరిహారాలను వదులుకుంది. నూతన ఆసియా నిర్మాణం కోసం చూపిన ఔదార్యంగా అది ప్రశంసలందుకుంది. ఆ ఔదార్యం పోర్ట్ బ్లెయిర్ కుటుంబాలను అడిగి చూపింది కాదు. టోక్యో విచారణలో నిందితులందరినీ నిర్దోషులుగా ప్రకటించాలన్న జస్టిస్ రాధాబినోద్ పాల్ పేరు జపాన్‌లో నేటికీ గౌరవంగా పలుకుతారు. జపాన్ బలగాలు అకృత్యాలకు పాల్పడ్డాయన్న సాక్ష్యాన్ని పాల్ కూడా తోసిపుచ్చలేదన్నది మాత్రం ఎక్కువమంది గుర్తుచేసుకోరు.

కొరియా, చైనా ఈ విషయాలను దౌత్య వేదికలపై ఎత్తుతూనే ఉన్నాయి. భారత్ ఎత్తలేదు, ఎత్తే అవకాశమూ కనిపించదు. హిందూ మహాసముద్రంలో చైనా కదలికలపై కన్నేసి ఉంచేందుకు ఈ ద్వీపాలే కీలకం. ఆ పనిలో జపాన్ సన్నిహిత భాగస్వామి. దక్షిణ అండమాన్ విద్యుత్ సరఫరా మెరుగుకు 2021 మార్చిలో జపాన్ సుమారు 400 కోట్ల యెన్‌ల గ్రాంటు ఇచ్చింది. స్నేహం మంచిదే. పాత శత్రువులు మిత్రులు కావడానికి గతాన్ని చెరిపేయాల్సిన అవసరం లేదని జర్మనీ, పోలండ్ ఉదాహరణే చెబుతుంది. జపాన్ నుంచి పరిహారం కోరకుండానే భారత్ తన పాఠ్యపుస్తకంలో తన పౌరుల గురించి ఒక పేరా రాసుకోవచ్చు. అందుకు టోక్యో అనుమతి అక్కర్లేదు.

ద్వీపాల గొంతు ఢిల్లీలో బలంగా వినిపించకపోవడమూ ఒక కారణమే. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతమిది. లోక్‌సభలో ఉన్నది ఒకే స్థానం. యుద్ధం తర్వాత వచ్చి స్థిరపడినవారే నేడు జనాభాలో అధికులు. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన తెలుగువారు గణనీయంగా ఉన్నారు. 2011 లెక్కల ప్రకారం ద్వీపాల్లో ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారి కుటుంబ జ్ఞాపకాల్లో జపాన్ కాలం లేదు. ఆ జ్ఞాపకం మిగిలింది 1942కు ముందు నుంచి ఉన్న స్థానిక కుటుంబాల్లో. ఇతర వెనుకబడిన వర్గాల గుర్తింపులోనూ 1942కు ముందు స్థిరపడినవారన్నది ఒక విభాగం. ప్రభుత్వ పత్రాల్లో ఆ సంవత్సరం గీటురాయిగా నిలిచింది. ఆ సంవత్సరంలో మొదలైనదేమిటో ధ్రువపత్రం తీసుకునేవారిలో ఎందరికి తెలుసో చెప్పలేం.

హంఫ్రీగంజ్ మృతులకు కనీసం లెక్క ఉంది. 1945 ఆగస్టులో హేవ్‌లాక్ దీవి వద్ద మరణించినవారికి అదీ లేదు. మిత్రరాజ్యాల దిగ్బంధంతో తిండిగింజలు కరవైన రోజులవి. సాగుకు కొత్త భూములిస్తామని చెప్పి, పనికిరారనుకున్న వృద్ధులను, బలహీనులను, పిల్లలున్న కుటుంబాలను పడవలెక్కించారు. రాత్రివేళ తీరానికి దూరంగా సముద్రంలోకి దూకించారు. ఒడ్డు చేరగలిగినవారిని తిండీ నీరూ లేని చోట వదిలేశారు. వారాల తరువాత సహాయక నౌకలు వచ్చేసరికి బతికి ఉన్నవారిని వేళ్లమీద లెక్కించవచ్చు. పడవలెక్కినవారు మూడు వందలని ఒక కథనం, సుమారు ఏడు వందలని మరొకటి. తేదీ విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. కొద్ది రోజులకే జపాన్ లొంగుబాటు ప్రకటన వెలువడింది. అక్టోబరులో జింఖానా మైదానంలో, నేతాజీ జెండా ఎగురవేసిన చోటనే, జపాన్ సైన్యం లాంఛనంగా ఆయుధాలు అప్పగించింది.

హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ నుంచి రోజూ బయలుదేరే నౌకల్లో వచ్చే పర్యాటకుల్లో విశాఖ, హైదరాబాద్ కుటుంబాలూ ఉంటాయి. రాధానగర్ తీరం ఆసియాలోని అందమైన బీచ్‌లలో ఒకటని గైడ్లు చెబుతారు. ఆ ఆగస్టు రాత్రి ఆ జలాల్లో ఎందరు మునిగిపోయారన్నది ఒక పుస్తకంలో ఒకలా, మరో పుస్తకంలో మరోలా ఉంది.